పాలకాయతిప్పకు యూరాలజిస్టు ఎంత దూరం

“ఇరవై అయిదు లక్షల కార్డు ఉంది కదా, ఇంకేం కావాలి?” ఆంధ్రప్రదేశ్‌లో పేదవాడి జబ్బు మాట ఎత్తితే మొదట వినిపించే జవాబు ఇదే. ప్రభుత్వాలు మారినా జవాబు మారలేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆ తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఊళ్లలో మాత్రం జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు అన్నారు. ఆ పరిమితి పెరుగుతూ పోయి 2023 డిసెంబరుకి 25 లక్షలైంది. ఆ అంకె పెరిగిన ప్రతిసారీ పేదవాడి వైద్యం అంత మెరుగుపడిందని నమ్మేవాళ్లు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, పత్రికల్లోనూ ఉన్నారు. ఈ నమ్మకం తప్పు. ఎంత తప్పో తెలియాలంటే ఒక ఊరిని, ఒక జబ్బును పట్టుకుని చివరిదాకా వెళ్లి చూడాలి.

ఊరు పాలకాయతిప్ప. కోడూరు మండలంలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి పక్కన, దివిసీమకు చిట్టచివర ఉంటుంది. అటు నది, ఇటు సముద్రం. వేట మీద బతికే ఊరు. జబ్బు మూత్రానిది.

అక్కడ అరవై అయిదేళ్ల జాలరి ఒకాయనకి ఒంటేలు సరిగా రావడం లేదనుకుందాం. రాత్రి నాలుగైదు సార్లు లేస్తాడు. ధార సన్నబడుతుంది. పోసుకున్నా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. ఇది అరుదైన జబ్బేమీ కాదు. అరవై ఏళ్లు వచ్చేసరికి సుమారు సగం మంది మగవాళ్లలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుతుంది, ఎనభై దాటితే పదిమందిలో ఎనిమిది మందికి ఇదే పరిస్థితి. అందరికీ బాధ ఉండదు, బాధ ఉన్నవాళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి మాత్రలతోనే సరిపోతుంది. కానీ ఎవరికి మాత్ర చాలు, ఎవరికి కత్తి కావాలి, ఎవరిలో అది క్యాన్సరేమోనని చూడాలి అన్నది తేల్చేవాడు యూరాలజిస్టు. తేల్చేవాడు దొరక్కపోతే ఒకరోజు జలుబుకి వేసుకున్న మాత్ర వల్ల కూడా ఒంటేలు పూర్తిగా బిగబట్టుకుపోవచ్చు. పొత్తికడుపు రాయిలా గట్టిపడి, నొప్పితో మెలికలు తిరిగే ఆ రాత్రి సంగతి చూసినవాళ్లకే తెలుసు. దగ్గర్లోని ఆస్పత్రిలో నర్సమ్మ పైపు వేసి మూత్రం తీసేస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడితో కథ అయిపోయిందని ఇంటికి పంపేస్తారు. నిజానికి కథ అక్కడే మొదలవుతుంది. మామూలు రబ్బరు పైపుని నెలకోసారైనా మార్చాలి. మార్చకపోతే చీము, జ్వరం, చలి. లోపల మూత్రం నిలవ ఉంటే ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. అరగంట, గంట ఆపరేషన్‌తో పోయే జబ్బు ఆలస్యమైనందుకు డయాలిసిస్ దాకా రావచ్చు. పైపు, సంచి తగిలించుకుని ఎవడూ వేటకు వెళ్లలేడు. అంటే ఆ ఇంట్లో ఒక సంపాదన ఆగిపోయింది.

ఇప్పుడు 25 లక్షల కార్డు సంగతి చూద్దాం. ప్రోస్టేటుని మూత్రమార్గంలోంచే చెక్కి తీసే ఆపరేషన్‌కీ, కిడ్నీలో రాయి తీసే ఆపరేషన్‌కీ ప్యాకేజీ ఎంత? 2007 నాటి లక్షన్నర పరిమితిలోనే తేలిగ్గా ఇమిడిపోయేంత. పరిమితి లక్షన్నర నుంచి 25 లక్షలకి పెరిగితే ఈ జాలరికి ఒరిగిందేమీ లేదు. ఆయనకు తక్కువైంది డబ్బు కాదు, ఆ డబ్బు తీసుకుని వైద్యం చేసే మనిషి. గుండె మార్పిడికీ, పెద్ద క్యాన్సర్లకీ ఆ పెంపు అవసరమే. ఆరోగ్యశ్రీ వచ్చాక ఎన్నో ఇళ్లలో గుండె ఆపరేషన్‌కి పొలం అమ్మే దుస్థితి తప్పింది. అది నిజం, దాన్ని కాదనేవాడిని నేను కాను. కానీ పరిమితిని చూపించి అందుబాటు గురించిన ప్రశ్నను నోరు మూయించడం అన్యాయం.

రెండో జవాబు: “నెట్‌వర్క్ ఆస్పత్రుల జాబితా ఉంది, చూసుకుని వెళ్లాలి. 104కి ఫోన్ చేస్తే చెబుతారు.” ఈ మాట చెప్పేవాళ్లు ఆ జాబితా ఎలా పనిచేస్తుందో చూసి ఉండరు. ఆస్పత్రికి ఆరోగ్యశ్రీ గుర్తింపు విభాగాల వారీగా ఇస్తారు. గోడ మీద బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడ మూత్రనాళాల ఆపరేషన్లు చేస్తారని కాదు. ఎముకలకి గుర్తింపు ఉండి యూరాలజీకి లేకపోవచ్చు. రెండూ ఉండి, వారానికోసారి బయటి ఊరి నుంచి వచ్చే యూరాలజిస్టు ఈ నెల రావడం మానేసి ఉండవచ్చు. డాక్టరు ఉండి, “ఆరోగ్యశ్రీ కేసులు ఇప్పుడు తీసుకోవడం లేదు, క్యాష్ అయితే రేపే చేస్తాం” అనవచ్చు. ఈ చివరి మాట మా డెల్టాలో వినని ఇల్లు తక్కువ. జాబితా కాగితం మీద ఉంటుంది, డాక్టరు ఏ రోజున ఎక్కడ ఉన్నాడన్నది మాత్రం రిసెప్షన్ కిటికీ ముందు నిలబడితేనే తెలుస్తుంది. పాలకాయతిప్ప నుంచి విజయవాడలోని ఆ కిటికీ దాకా వెళ్లాలంటే కోడూరు, అవనిగడ్డ దాటి, కరకట్ట దారినో మరో దారినో తొంభై, వంద కిలోమీటర్లు. గంటకోసారి ఒంటేలుకి పోవాల్సిన ముసలాయన బస్సులో అంత దూరం ఎలా కూర్చుంటాడో ఒక్కసారి ఆలోచించండి. తోడు ఒకరు వెళ్లాలి, ఆ తోడుకి ఆరోజు కూలి పోతుంది. స్కాన్ ఒకరోజు, రక్తపరీక్ష రిపోర్టు మరోరోజు, అప్రూవల్ ఇంకోరోజు. ఒకసారి “రేపు రండి” అంటే అదో ప్రయాణం.

కాబట్టి “ఉచిత వైద్యం” అన్నప్పుడు ఏది ఉచితమో విడదీసి చెప్పాలి. ఆపరేషన్, ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు మందులు, భోజనం, ఆ తర్వాత కొద్దిరోజుల మందులు పథకంలోకి వస్తాయి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర నమోదై చేయించుకునే పరీక్షలకూ నిబంధన ప్రకారం డబ్బు తీసుకోకూడదు. కానీ ఆపరేషన్ అక్కర్లేని రోగి జీవితాంతం వేసుకోవాల్సిన మాత్రలు ప్యాకేజీ కాదు. నెలనెలా పైపు మార్పు ప్యాకేజీ కాదు. తోడు వచ్చినవాడి కూలి, బయట గది అద్దె, ఇవేవీ ప్యాకేజీలు కావు. మూత్రవ్యాధుల్లో ఎక్కువ భాగం ఓపీలో తేలిపోయేవి, మందులతో నెట్టుకొచ్చేవి. కత్తి దాకా వచ్చిన రోగాన్ని మాత్రమే కొనుక్కునే పథకం, కత్తి దాకా రానివ్వకుండా ఆపే వైద్యాన్ని వదిలేసింది. దీనికి బీమా అని పేరు పెట్టి సంతృప్తి పడితే రోగాలు ముదిరేదాకా ఎదురుచూడమని చెప్పినట్టే.

ఇంకొందరు తప్పంతా డాక్టర్ల మీదికి తోస్తారు. “ప్రైవేటు డాక్టర్లకి కక్కుర్తి, అందుకే కార్డు అంటే మొహం చాటేస్తారు.” కార్డు ఉన్న రోగి దగ్గర పైడబ్బు లాగే ఆస్పత్రులు ఉన్నాయి. అది ఒప్పందానికి విరుద్ధం, వాటిని జాబితాలోంచి తీసెయ్యాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ కక్కుర్తితోనే అంతా వివరించలేం. 2024 మేలో బకాయిలు 1,500 కోట్లకి చేరాయని ప్రైవేటు స్పెషాలిటీ ఆస్పత్రుల సంఘం సేవలు ఆపింది. 2025 అక్టోబరు 10 నుంచి మళ్లీ ఆపింది, అప్పటికి బకాయి సుమారు 2,700 కోట్లని చెప్పింది. ఒక ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చింది, బకాయి మాత్రం పెరిగింది. వందల పడకల కార్పొరేటు ఆస్పత్రి ఏడాదిపాటు డబ్బు రాకపోయినా తట్టుకుంటుంది. సొంతంగా అప్పు చేసి దుర్భిణి పరికరాలు, లేజరు కొనుక్కుని పదిహేను పడకలతో ఆస్పత్రి పెట్టుకున్న యూరాలజిస్టు తట్టుకోలేడు. పైగా పథకం మొదలైనప్పుడు నెట్‌వర్క్‌లో చేరడానికి కనీసం 50 పడకలు ఉండాలన్నది సాధారణ నిబంధన. మచిలీపట్నంలోనో గుడివాడలోనో ఒక యూరాలజిస్టు 50 పడకలు నింపగలడా? ఆ నిబంధన రాసినవాళ్ల మనసులో నగరం ఉంది, తీరం లేదు. కార్డు డబ్బు నగరంలోని పెద్ద ఆస్పత్రుల వైపు ప్రవహించింది, ఆ డబ్బు వెంటే స్పెషలిస్టులు వెళ్లారు. పల్లెకు దగ్గర్లో స్థిరపడాలనుకున్న డాక్టరుకి ఈ పథకం తోడుగా నిలవలేదు.

ఆ డాక్టరు ఎలా తయారవుతాడో కూడా చూడాలి. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, యూరాలజీలో ఎంసీహెచ్ మరో మూడేళ్లు. ఎక్కడా ఆలస్యం లేకపోతే పదకొండున్నరేళ్లు. ఇంత చదివి వచ్చినవాణ్ని జీతం, పరికరాలు, మత్తు డాక్టరు, థియేటరు లేకుండా తీరప్రాంతానికి పొమ్మంటే పోడు. పోడని తిట్టి లాభం లేదు.

“మచిలీపట్నంలో మెడికల్ కాలేజీ వచ్చింది కదా” అన్నది నాలుగో జవాబు. చూడటానికి అన్నిటికన్నా బలంగా కనిపించేదీ ఇదే. 2023 సెప్టెంబరులో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన అయిదు కాలేజీల్లో బందరు కాలేజీ ఒకటి, 150 సీట్లు. రావడం మంచిదే. కానీ ఎంబీబీఎస్ కాలేజీకి ఉండి తీరాల్సిన విభాగాల్లో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, ఎముకలు, కళ్లు, ప్రసూతి లాంటివి ఉంటాయి. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లో యూరాలజీ తప్పనిసరి కాదు. కాలేజీ అనుమతికి యూరాలజిస్టు అక్కర్లేదు కాబట్టి ఆ పోస్టు కోసం గట్టిగా అడిగేవాళ్లూ ఉండరు. ఇది ఎవరి ద్వేషమో కాదు, నిబంధనలు అలా ఉన్నాయి. అందుకే అడగాల్సింది ప్రజలు, వాళ్ల తరఫున ఎమ్మెల్యేలు.

దీనికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి వెళ్లింది. మచిలీపట్నం, గుడివాడ, ఉయ్యూరు, దివిసీమ కృష్ణా జిల్లాగా మిగిలాయి. స్పెషలిస్టుల్లో ఎక్కువమంది విజయవాడలోనే ఉన్నారు, ఆ తర్వాత గుంటూరులో. ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పుడు “జిల్లాలో యూరాలజిస్టులు ఉన్నారు” అని అధికారులు రాసుకునే వీలుండేది. ఇప్పుడు ఆ నెపం కూడా లేదు. కొత్త కృష్ణా జిల్లాలో కార్డు మీద మూత్రనాళాల ఆపరేషన్ చేయించుకోవడానికి ఈ వారం ఎక్కడికి వెళ్లాలి అని కలెక్టరుగారు ఒక్క రోజు స్వయంగా కనుక్కుంటే చాలు, సమస్య మొత్తం ఆయన బల్ల మీదికి వస్తుంది.

ఇక అన్నిటికన్నా నన్ను బాధించే వాదన: “మన పల్లెవాళ్లు సిగ్గుపడి చెప్పుకోరు, ముదరబెట్టుకుని వస్తారు.” ఎన్ని అవగాహన సదస్సుల్లో విన్నానో ఈ మాట. సిగ్గు ఉంది. ఆడవాళ్లకి మరీ ఉంది. నాట్లలో, కలుపులో, రొయ్యల చెరువుల దగ్గర పొద్దంతా మరుగు లేక బిగబట్టుకుని పనిచేసే ఆడకూలీలకి మూత్రపు మంటలు మామూలైపోయాయి. కష్టమైన కాన్పు తర్వాత మూత్రం ఆగకుండా కారిపోయే స్త్రీ ఎవరితోనూ చెప్పక, పెళ్లిళ్లకి పేరంటాలకి పోవడం మానేస్తుంది. కానీ చెప్పుకున్నవాళ్ల సంగతేమిటి? ఊరి ఆర్‌ఎంపీకి చెప్పుకున్నారు. ఆయన తనకు తెలిసిన మందు ఇచ్చాడు. పీహెచ్‌సీలో చెప్పుకున్నారు. పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. పెద్దాసుపత్రిలో యూరాలజిస్టు దగ్గరికి పొమ్మన్నారు. ఆయన ఎక్కడున్నాడని అడిగితే విజయవాడ అన్నారు. నాలుగుచోట్ల చెప్పుకున్న మనిషిని సిగ్గరి అనడం ఏం న్యాయం? చెప్పుకుంటే నయమవుతుందన్న నమ్మకం కళ్లముందు కనబడితే సిగ్గు దానంతట అదే తగ్గుతుంది. కంటి ఆపరేషన్ల శిబిరాలు ఊరూరా వచ్చాక శుక్లాల గురించి ఎవరు దాస్తున్నారు?

ప్రజాబీమా తీసుకునే యూరాలజిస్టు దొరకడం పేద దేశాల్లోనే కష్టమనీ, అభివృద్ధి చెందేదాకా ఓపిక పట్టాలనీ అనేవాళ్లు జర్మనీ వైపు చూడాలి. అక్కడ చట్టబద్ధమైన ఆరోగ్యబీమా కింద వైద్యం చేసే డాక్టర్లు ఏ ప్రాంతంలో ఎంతమంది ఉండాలో ముందే లెక్క వేస్తారు. ఆ లెక్క వేసే స్పెషలిస్టుల్లో యూరాలజిస్టులు ఒక విభాగం, కొలత జిల్లా స్థాయిలో. డాక్టర్లు నిండిపోయిన నగరంలో కొత్తవాడికి ప్రజాబీమా అనుమతి దొరకదు, కొరత ఉన్న చోట ప్రోత్సాహం ఇస్తారు. 2016 నుంచి స్పెషలిస్టు అపాయింట్‌మెంటు ఇప్పించే కేంద్రాలు నడుస్తున్నాయి, 116117 నంబరుకి ఫోన్ చేస్తే నాలుగు వారాల్లోపు చూసే డాక్టరుని వెతికి ఇవ్వాలి. అక్కడా ఇబ్బందులున్నాయి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకి ముందు తేదీలు ఇస్తారన్న ఫిర్యాదు ఎప్పటి నుంచో ఉంది. అమెరికాలో పేదల మెడికెయిడ్ కార్డుని చాలామంది స్పెషలిస్టులు తీసుకోరు, కారణం తక్కువ చెల్లింపులు, కాగితాల తలనొప్పి. మన విజయవాడ, గుంటూరు డాక్టర్లు చెప్పేదీ అదే. డబ్బున్న దేశమైనా, లేని దేశమైనా కార్డు పంచితే డాక్టరు తనంతట తాను రాడు. ఎక్కడ ఎంతమంది ఉండాలో రాజ్యం తేల్చి, దానికి తగ్గ ఏర్పాటు చేస్తేనే వస్తాడు.

మనకి 104 ఉంది. దాన్ని అడిగితే ఆస్పత్రుల పేర్లు చదివే పని కాకుండా, ఫలానా తేదీన ఫలానా ఆస్పత్రిలో ఫలానా విభాగం డాక్టరు మిమ్మల్ని చూస్తారు అని తేదీ ఇచ్చే బాధ్యత అప్పగించాలి. తేదీ ఇచ్చాక తిప్పి పంపిన ఆస్పత్రికి జరిమానా వెయ్యాలి. చిన్న పట్టణాల్లో స్థిరపడిన యూరాలజిస్టులకి పడకల నిబంధన సడలించాలి, వాళ్ల బిల్లులు ముందు వరసలో చెల్లించాలి. 2.5 లక్షల దాకా బీమా కంపెనీలకి అప్పగించి, ఆపైన పథకాన్ని నడిపే ట్రస్టు భరించే కొత్త విధానానికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ కంపెనీలతో రాసుకునే ఒప్పందాల్లో జిల్లాకి కనీసం ఇంతమంది యూరాలజిస్టులు, ఇంత దూరంలోపు, అన్న షరతు రాయకపోతే చెల్లించే చెయ్యి మారుతుందంతే, పాలకాయతిప్పకు ఏమీ మారదు. ప్రీమియం తీసుకునేవాడు డాక్టరుని చూపించాల్సిన పూచీ కూడా తీసుకోవాలి.

బందరు బోధనాసుపత్రిలో యూరాలజీ యూనిట్ కావాలి. ఇద్దరు సర్జన్లు, మూత్రధారను కొలిచే యంత్రం, దుర్భిణి పరికరాలు, మత్తు డాక్టరు, వారానికి రెండు రోజులు థియేటరు. ఒక జిల్లాకి ఇది గొంతెమ్మ కోరిక కాదు. అది వచ్చేలోపు చేయగలిగింది కూడా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ప్రోస్టేటు ఆపరేషన్ అయిన మనిషి నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు, వల లాగకూడదు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి ఒక్కరు ఉన్నారా? నిషేధానికి ముందే దివిసీమ రోగులందరినీ పరీక్షించి, ఏప్రిల్ రెండో పక్షంలో ఆపరేషన్లు పూర్తిచేస్తే, జూన్‌లో సముద్రం తెరుచుకునే రోజుకి మనిషి కోలుకుని ఉంటాడు. ఒక్క రోజు వేట పోదు, అప్పు చెయ్యక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. పెనుమూడి-పులిగడ్డ వంతెన వచ్చాక రేపల్లె మీదుగా గుంటూరు నుంచి అవనిగడ్డకి దారి తిన్నగా ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారానికొక రోజు ఒక యూరాలజిస్టుని, ఒక స్కానింగు యంత్రాన్ని ఆ వంతెన దాటించి అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రిలో కూర్చోబెట్టండి. కోడూరు, నాగాయలంక, మోపిదేవి ఏఎన్‌ఎంల చేత ముందే పేర్లు రాయించండి. పైపులతో ఇళ్లలో పడున్న వాళ్ల పేర్లు మొదట రాయించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త కార్డు అక్కర్లేదు. ఒక డిప్యుటేషన్ ఉత్తర్వు చాలు, వచ్చే వేట నిషేధంలోపే ఇవ్వొచ్చు.